నాస్తికుడి ఇంట్లో పూజారిణి

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా నరేశ్ బావ కూతురు షాద్‌నగర్ నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. వచ్చిన రోజే ట్యాబ్ పట్టుకుని నా పక్కన చేరి, "చిన్నమ్మా, గిండ్ల ఏది తీస్కోవాలె, జల్ది చెప్పు" అంది. తెర మీద కత్తులు, కిరీటాలు, పొడుగు చెవుల మనుషులు. యోధుడు, దొంగ, మాంత్రికుడు, పూజారిణి అంటూ వరసగా పాత్రలున్నాయి. ఒక్కో పాత్ర కింద మళ్లీ మూడు నాలుగు బాటలు, ఒక్కో బాటకు ఎదురుగా ఎర్ర గీత, పచ్చ గీత. ఎర్ర గీత ఎంత పొడుగుంటే దెబ్బ అంత గట్టిదట. నేను ఏమీ ఆలోచించకుండానే వైద్యం చేసే పూజారిణి బొమ్మ మీద వేలు పెట్టాను. పిల్ల నన్ను జాలిగా చూసింది. "గది వద్దు చిన్నమ్మా, దానికి డ్యామేజ్ తక్కువ. గది ఎవ్వరు తీస్కోరు."

ఎవ్వరూ తీసుకోని పక్షం ఎక్కడుంటే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవడం నా వృత్తి. వ్యాసాలు రాసి, సభల్లో వాదించి నలుగురి చేత తిట్లు తినే మనిషిని. పిల్ల మాటకు నాకు పౌరుషం రావలసింది. కానీ నవ్వొచ్చింది. సరిగ్గా ఆ బొమ్మ కోసమే, తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండలో మా ఇంటి ముందుగదిలో మా బాపుకూ నాకూ మధ్య పెద్ద యుద్ధం జరిగింది. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాను. ఆ యుద్ధంలో దేవుడి వేషం వేసి చెమటలు కక్కినవాడు ఈ పిల్ల తండ్రే.

మా బాపు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. సెలవు దొరికితే ఊళ్లు తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పేవాడు. నాలుక మీద కర్పూరం వెలిగించుకునేవాడు, అగ్గిపుల్ల లేకుండా హోమం రాజేసేవాడు, గాలిలోంచి విభూతి తీసి ముందు వరస ముసలమ్మ చేతిలో పోసి, ఆమె కళ్లకద్దుకునే లోపలే ఆ విద్య ఆమెకే నేర్పేవాడు. విభూతిని గంజితో కలిపి గోలీల్లా చేసి ఎండబెట్టి వేళ్ల సందున దాచుకోవాలి. మా ఇంట్లో గంజి ఎప్పుడూ అమ్మ చీరలకు మిగిలేది కాదు. కిటికీలో విభూతి గోలీలు ఎండేవి, బీరువా తెరిస్తే కర్పూరం గుప్పుమనేది. దేవుడి పటం ఒక్కటి కూడా లేని మా ఇల్లు ఏ వేళ చూసినా గుడి వాసన వేసేది. కొత్తగా వచ్చిన వాళ్లు గడప దగ్గరే చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఏ దిక్కుకు తిరగాలో తెలియక నిలబడిపోయేవారు. మా అమ్మ పెద్ద దవాఖానలో నర్సు. ఆమె డ్యూటీ దిగి వస్తే ఆ కర్పూరం మీద స్పిరిట్ వాసన వచ్చి కూర్చునేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండు వాసనలు కలిసి వస్తే నాకు ఆకలేస్తుంది.

నాకు బాపు పెట్టిన పేరు జిజ్ఞాస. వాడకట్టులో ఎవరికీ నోరు తిరగక జిజ్జి అయ్యాను. ప్రశ్నించాలని పేరు పెట్టాడు గాని, ప్రశ్నలు వేయడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరికి కుదరని విషయం ఏదైనా సభకు పోవాల్సిందే. నాకు చెవులు కుట్టించాలా, ఇంటికి కేబుల్ పెట్టించాలా, పప్పులో బీరకాయ వేయవచ్చా అన్నవన్నీ అలా తేలినవే. అమ్మ అధ్యక్షురాలు. స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడితే సభ మొదలు, మళ్లీ కొడితే మాట్లాడేవాడు నోరు మూయాలి. ఆ పూట ఇంట్లో ఉన్న చుట్టాలకూ స్నేహితులకూ ఓటు ఉండేది. బాపు తన కుర్రతనపు చర్చావేదికల నుంచి తెచ్చుకున్న నియమం ఒకటుంది: ఎదుటివాడి వాదాన్ని ముందు వాడికంటే బాగా చెప్పాలి, ఆ తర్వాతే దాన్ని కొట్టాలి. ఓడినవాళ్లు అంట్లు తోమాలి. ఆ తర్ఫీదుతో నేను జిల్లాలోని కాలేజీలన్నీ తిరిగి కప్పులు గెలుచుకొచ్చాను. ఇంట్లో మాత్రం బాపు మీద ఒక్క సభ కూడా గెలవలేదు. నా కప్పులు అల్మారాలో మెరిసేవి, నా చేతుల వల్ల గిన్నెలు మెరిసేవి.

నరేశ్ బావ మా మేనత్త కొడుకు. షాద్‌నగర్‌లో కంపెనీలో చేరి, తోటి పనివాళ్లతో రూమ్ తీసుకుని ఉండేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆ రూమ్‌మేట్లు ఆడే ఆట ఒకటి అతనికి తలకెక్కింది. శనివారం సాయంత్రం బస్సు దిగి మా ఇంటికి వచ్చి, ఆదివారం ఆట ఆడించి, ఆ తర్వాత కట్టంగూర్ అవతల మా ఊళ్లో ఉన్న అమ్మను చూసి వెళ్లేవాడు. ఆ ఆటకు బల్ల లేదు, పావులు లేవు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అక్కడ తామేం చేస్తారో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్పాలి. నల్లగొండలో అలాంటి పాచిక ఎక్కడ దొరుకుతుంది? అమ్మ తంబోలా బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి గుడ్డసంచిలో పోశాం, పెద్ద అంకె వస్తే పని ఫలించినట్టు. జిరాక్సు తీయించి స్పైరల్ వేసిన నిబంధనల పుస్తకం బావ ఒళ్లో ఉండేది. అందులోని ఇంగ్లీషు పేర్లకు నేనూ సునీతా కలిసి తెలుగు పేర్లు పెట్టాం.

సునీత నా క్లాస్‌మేటు. చిట్యాల పిల్ల. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన ముగించుకుని, బైబిలు సంచితోనే బస్సెక్కి, మధ్యాహ్నానికల్లా మా నాస్తికుల ఇంట్లో యోధురాలై కత్తి దూసేది. వాళ్ల అమ్మానాన్నలు ఆమెను ఆదివారం పూట ఇంకెక్కడికీ పంపేవారు కాదు. మా బాపు, అంటే సైన్సు సారు ఇల్లు గనక పంపేవారు.

బావ అల్లిన కథలో ఒక ఊరుంది. ఆ ఊరి బావి నీళ్లు తాగినవాళ్ల ఎముకలు మెల్లమెల్లగా వంగిపోతాయి. ఊరి మీద ఎవరిదో శాపం ఉందని అందరూ అనుకుంటారు. మేం ఆ ఊరిని కాపాడాలి. బావ ఆ ఊరిని ఊహించడానికి పెద్దగా కష్టపడి ఉండడు. వాళ్ల అమ్మ, అంటే మా బాపు అక్క, అలాగే వంగిపోయిన మనిషి. మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె మోకాళ్లనూ నడుమునూ పట్టేసింది. నేలను చూస్తూ నడిచేది, మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకుని పక్కకు తిరిగేది. వయసులో ఉన్నప్పుడు ఆమెను చూపించని బాబా లేడు, తిప్పని గుడి లేదు. పూర్వజన్మ పాపమని ఒకడు, శాపమని ఒకడు చెప్పాడు. ఎవరో నీళ్లు పరీక్ష చేయించేసరికి ఆమె నడుము అలాగే బిగుసుకుపోయింది. అదే నీళ్లు తాగి పెరిగిన బాపుకు పళ్ల మీద గోధుమరంగు చారలు మాత్రమే మిగిలాయి. సైన్సు చదువుకు పట్నం వెళ్లినందువల్ల తాను నిటారుగా మిగిలానని ఆయనకు తెలుసు. ఆ కోపంతోనే ఆయన కర్పూరం నాలుక మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆడేకొద్దీ పాత్రలు బలం పెరిగి మెట్లు ఎక్కుతాయి. మూడో మెట్టు ఎక్కితే ప్రతి పాత్రా ఒక బాట ఎంచుకోవాలని ఆట నియమం. ఎంచుకున్నాక వెనక్కి రావడం ఉండదు. ఆ విషయం వినగానే బాపు రంగంలోకి దిగాడు. తన ఇంట్లో ఆడే ఆట ఏమి నేర్పుతుందో తనకు తెలియాలన్నాడు. సర్వపిండి తింటూ, అర్థం కాని చోట బావను నిలదీస్తూ, పదో తరగతి పేపర్లు దిద్దినట్టు ఆ పుస్తకాన్ని మొత్తం దిద్దాడు. ఆయన కొలత ఒక్కటే: ఈ మనిషికి బలం ఎక్కడి నుంచి వచ్చింది?

యోధుడు పాసయ్యాడు. కొట్టే దెబ్బను గట్టిగా కొట్టడం ఒక బాట, ఎత్తు వేసి కొట్టడం ఇంకో బాట, కత్తికి మంత్రం పూయడం మూడోది. రెండోదానికి ఎక్కువ మార్కులు వేసి, మూడోది కల్తీ అన్నాడు. దొంగ విషయంలో కొంత తటపటాయించాడు. చట్టం ఒప్పదు గాని పనిలో నైపుణ్యం ఉందన్నాడు. దొంగకున్న బాటల్లో తాళాలు తీసేదీ చాటుగా పొడిచేదీ వదిలేసి, కనికట్టుతో మాయచేసే బాట దగ్గర ఆగి, ఇది తన సొంత విద్యేనని మురిసిపోయాడు. పుస్తకాలు చదివి మంత్రాలు నేర్చే మాంత్రికుడిని చూసి, "సదువుతుండు, గది మెచ్చుకోవాలె. సిలబసే తప్పు" అన్నాడు. పుట్టుకతోనే మంత్రశక్తి వచ్చేవాడు ఇంకొకడున్నాడు. రెక్కల పాము రక్తం పంచుకున్నవాడా, గాలివాన రక్తమున్నవాడా అని ఆ వృత్తిలో రెండు బాటలు. బాపు రెంటినీ పోల్చనైనా పోల్చలేదు. రక్తంలో గొప్పతనం ఉందన్నవాడితో తనకు మాటలే లేవని పేజీ తిప్పేశాడు. దయ్యంతో ఒప్పందం చేసుకుని శక్తి తెచ్చుకునే మాంత్రికుడి మీద మాత్రం జాలిపడ్డాడు. "పని వీనిది, పేరు దయ్యానిది. వీడు కాంట్రాక్టు లేబరురా నరేశూ. ముందు యూనియన్ పెట్టుమను." పాటగాడి దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. అన్ని విద్యలూ పోగేసుకునే పాటగాడా, దండు ముందు నడిచి పాడే పాటగాడా అంటే, ఈ జిల్లాలో ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం లేదని, పాట ముందు నడవకుండా ఇక్కడ ఏ ఊరేగింపూ కదలలేదని చెప్పి రెండో బాటకు ఫస్టుక్లాసు వేశాడు. ఆ తర్వాతి పేజీలో పూజారి ఉన్నాడు. బాపు పుస్తకం మూసేశాడు.

నేనూ పోల్చి చూశాను. నా కొలత వేరు. వంగిన ఎముకను చక్కచేసే బాట ఏ వృత్తిలో ఉంది? అడవి మనిషి మూలికలతో గాయం మానుతుంది గాని ఎముక కదలదు. వ్రతం పట్టిన వీరుడు చెయ్యి వేస్తే జ్వరం దిగుతుంది, అంతే. పాటగాడి పాటకు పాట సాగినంత సేపే నొప్పి తెలియదు. పుస్తకమంతా వెతికితే ఒక్కచోట దొరికింది. పూజారిణి, అందులోనూ వైద్యపు బాట, అదీ ఏడో మెట్టుకు చేరాక. అంతవరకు ఆమె అందరికంటే బలహీనురాలు. నాకు ఆ ఊళ్లో బావి గట్టున కూర్చున్న ఆడవాళ్లను నిలబెట్టాలని ఉంది. వాళ్లలో ఒకరిని బావ ఎప్పుడు వర్ణించినా నాకు అత్తే కనిపించేది. నేను పూజారిణి బాట తీసుకుంటానన్నాను.

బాపు అరవలేదు. అరిస్తే తేలికగా ఉండేది. ఇంట్లో ఆట ఉండాలంటే పూజారిణి ఉండకూడదు, పూజారిణి ఉంటే ఆట బయటికి పోవాలి అన్నాడు. బయట అంటే ఎక్కడ? బావ రూములో ఆడపిల్లలు కూర్చునే వీలు లేదు. మా ఇల్లు కాదంటే సునీతకు బస్సెక్కే అనుమతి లేదు. కాబట్టి ఆట ఆగిపోవడమే. సునీత ముఖం చూసి, "సభ పెట్టు" అన్నాను. అమ్మ దవాఖాన నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా పళ్లెం, గరిటె తెచ్చుకుని కూర్చుంది. తొందరగా తేల్చండి, నేను పడుకోవాలె అంది. ఓట్లు అమ్మవి, బావవి, సునీతవి, మా ఇద్దరివి. అయితే బావ మామకు ఎదురు చేయి ఎత్తినవాడు కాడు, సునీత సార్ ముందు కళ్లెత్తేది కాదు, అమ్మ ఎప్పుడూ వాదం గెలిచినవాళ్లకే వేసేది. వాదంలో గెలవకపోతే నాకు మిగిలేది నా ఓటు ఒక్కటే.

బాపు ముందు మాట్లాడాడు. నా వాదాన్ని నాకంటే బాగా చెప్పాడు. ఇది ఆట అనీ, ఆటలో ఏనుగు ఎగిరినా బడిలో జంతుశాస్త్రం మారదనీ, పిల్లలకు ఊహ కావాలనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"గివన్ని ఒప్పుకుంట. గని మా అక్కను గుడి సుట్టు తిప్పినోళ్లు గూడ చెడ్డోళ్లు కాదు బిడ్డా. మా అమ్మ, మా నాయిన. తిప్పితె పోయేదేముంది అన్నరు. ఏండ్లకేండ్లు పోయినయి. నీళ్ల మీద నుంచి చూపు తప్పించేది ఏదైనా సరే, దాన్ని నా ఇంట్ల మంచిది అనొద్దు. శాపమంట, పూజ చేస్తె నడుం నిలబడుతదంట. ఇరవై ఏండ్ల సంది ఊరూరు తిరిగి నేను తుడుస్తున్న మాట అది."

సునీత తల వంచుకుంది. బావ గుడ్డసంచిని ఒళ్లో పిసుకుతూ కూర్చున్నాడు. అది వాళ్ల అమ్మ గురించి కదా. నేను నియమం ప్రకారం బాపు వాదాన్ని తిరిగి చెప్పాలి. చెప్పాను. ఆయన వదిలేసింది కూడా కలిపాను: వంగినవాళ్లకు వైద్యం ఆశ చూపితే బావిని ఎవరూ బాగుచేయరు అని. బాపు తల ఊపాడు. ఆ తర్వాత నేను, ఊళ్లలో బాబాలకు నువ్వు పెట్టే షరతులేమిటో అధ్యక్షురాలికి చెప్పమని అడిగాను. ఇంట్లో అందరికీ అవి కంఠతా వచ్చు. మహిమ అందరి ముందూ చేయాలి, అడిగినన్నిసార్లు చేయాలి, పరీక్షించేవాడు షరతు మారిస్తే ఒప్పుకోవాలి.

"మరి పరీక్ష నెగ్గితె?" అన్నాను.

"నెగ్గితె ఒప్పుకుంట. నెగ్గినోడు ఎవ్వడు లేడు."

"ఈ లోకంల లేడు. ఆ లోకంల పరీక్ష పెట్టినవా?"

నా వాదం అంతే. బావ అల్లిన ఆ లోకంలో దేవుడున్నాడో లేడో మన లోకపు అనుభవంతో తేల్చేయడం కూడా మూఢనమ్మకమే, పరీక్షించకుండా లేడనే హక్కు ఎవరికీ లేదు అన్నాను. బాపు కళ్లు మెరిశాయి. జేబులోంచి పెన్ను తీసి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఊళ్లలో బాబా ఎదుట కూర్చునే ముందు ఆయన చేసే పనులు అవి. కుర్చీ లాక్కుని బావకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. పాపం బావ. అతనికి అదివరకు దేవుడంటే పుస్తకంలో ఒక పేరా. ఇప్పుడు మేనమామ దర్యాప్తు.

ఆటలో సునీత యోధురాలి వేలు కోయించాడు. నేను ప్రార్థించి బిళ్ల తీశాను, గాయం మానింది. ఆమె కళ్లకు గంతలు కట్టించి చేయించాడు, మానింది. నమ్మకం వల్ల మానుతుందేమోనని ఏమీ తెలియని ఒక మేక కాలు విరిచి చేయించాడు. మేక లేచి పరుగెత్తిందని బావ చెబితే, ఎంత దూరం అని అడిగాడు. చివరికి తన అసలు అస్త్రం తీశాడు. చేతులు జోడించుకుని, దేవుడి పేరు కాకుండా పదమూడో ఎక్కం చదవమన్నాడు. దాంతో కూడా గాయం మానితే దేవుడి ప్రమేయం లేనట్టే. పూజారిణి ఒట్టి నర్సు, పూజ ఒట్టి తంతు. అది తేలితే నా పక్షం కూలిపోతుంది. తేల్చవలసింది మాత్రం బావ. మామను మెప్పించాలంటే ఒక్క మాట చాలు.

నేను సునీత వేలి మీద చేతులు పెట్టి, పదమూడు ఒకట్ల నుంచి పదమూడు పదుల దాకా భక్తిగా చదివాను. అందరం బావ వైపు చూశాం. బావ పుస్తకం చూశాడు, మామను చూశాడు, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మానలే మామా. నెత్తురు కారుతనే ఉంది."

"మల్ల సదువు బిడ్డా."

మళ్లీ చదివాను. మానలేదు. తర్వాత పేరు పెట్టి ప్రార్థించాను. మానింది. బాపు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. అమ్మ గరిటె ఎత్తింది గాని కొట్టలేదు.

"ఒప్పుకుంటున్న" అన్నాడు బాపు. "ఆ లోకంల ఉన్నడు."

ఓటు అడిగితే అందరికంటే ముందు తనే నా పక్షాన చెయ్యి ఎత్తాడు. ఆ పూట అంట్లు ఆయనే తోమాడు. తోముతూ తోముతూ వంటింట్లోంచి పిలిచాడు. "అరే నరేశూ. ఉన్నడని తేలింది, మంచిది. మరి బావిల విషం పోసినప్పుడు ఏం జేస్తుండెనో వచ్చే ఆదివారం అడుగుత. జవాబు తయారు పెట్టుకో." బావ పుస్తకం గబగబా తిరగేశాడు. "గది బుక్కుల లేదు మామా" అని గొణిగాడు. బుక్కులో లేని జవాబులు చెప్పలేనివాడు ఇంకేం దేవుడని లోపలి నుంచి వినిపించింది.

ఆ తర్వాత నేను ఎన్నో వేదికలెక్కాను. టీవీ గదుల్లో మెడలు బిగించుకుని కూర్చున్న పెద్దలతో వాదించాను, ఫోన్లలో ముఖం లేని మనుషులతో తగవులాడాను. సాక్ష్యం చూపిస్తే గొంతు పెంచేవాళ్లను చూశాను, మాట మార్చేవాళ్లను చూశాను, నా కులమేమిటని అడిగేవాళ్లను చూశాను. "ఒప్పుకుంటున్న" అన్న మాట మాత్రం ఇంకెవరి నోటా వినలేదు. జీవితమంతా లేడని చెప్పిన మనిషి, తన ఎదుట పెరిగిన పిల్లాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చెప్పిన ఫలితానికి తలవంచాడు. పరీక్ష తానే పెట్టాడు గనక, ఫలితం తనది కాకపోయినా తనదే అనుకున్నాడు. హేతువాదం అంటే ఏమిటని కుర్రవాళ్లు అడిగితే నేను ఆ పెన్ను మూత శబ్దం గురించి చెబుతాను.

మరుసటి ఆదివారానికి బాపు కూడా ఆటలో చేరాడు. ఏ వృత్తి అని అన్నిటినీ మళ్లీ తిరగేసి, పుస్తకం చివర్లో ఎవరూ చూడని పనిముట్లవాడిని పట్టుకున్నాడు. వాడికీ బాటలున్నాయి. కవచాలు చేసేది, మందులు కాచేది, యంత్రాలు బిగించేది. యంత్రాల బాట తీసుకున్నాడు. "నువ్వు నడుములు చక్కజెయ్యి బిడ్డా, నేను నీళ్లు తెస్త. లేకుంటె నిలబెట్టిన నడుం మల్ల వంగుతది" అన్నాడు. ఇక ఆదివారం వెంట ఆదివారం మేం కొండవాగు నుంచి ఆ ఊరికి మట్టిగొట్టాలు వేశాం. వాలు ఎంతుండాలో బాపు లెక్కలు వేయించేవాడు, లెక్క తప్పితే వేసిన గొట్టాలు విప్పించేవాడు. సునీత కత్తి పట్టుకుని గొట్టాలకు కాపలా ఉండేది. ఒకరోజు ఆమె ఓర్పు చచ్చిపోయింది. "సార్, ఒక్క రాక్షసుడన్న రావాలె సార్. నా కత్తికి తుప్పు పట్టింది" అంది. బావ కనికరించి గొట్టాలు ఎత్తుకుపోయే రాక్షసుడిని పంపాడు. బయట మా వీధిలోనూ అప్పుడే నీళ్ల పైపుల కోసం తవ్వుతున్నారు. ఆ మట్టి గుట్టలు దాటుకుంటూనే సునీత మా ఇంటికి వచ్చేది.

ఇప్పుడు బావ కూతురు నవ్వితే పళ్లు పాలలా ఉంటాయి. బావి నీళ్లకు భయపడాలన్న సంగతి దానికి తెలియదు. వైద్యపు బాటను ఎవ్వరూ తీసుకోరని అది అన్నప్పుడు నేను కోప్పడకపోవడానికి కారణం అదే. దానికి ఎర్ర గీత చాలు. మా రోజుల్లో మాకు కావలసింది కొలిచే గీత ఆ పుస్తకంలో లేదు, మేమే గీసుకున్నాం. అత్త ఇప్పుడు లేదు. బాపుకు చెవులు మందగించాయి గాని, ఎదుటివాడి వాదం పూర్తిగా వినబడేదాకా మళ్లీ మళ్లీ చెప్పిస్తాడు.

నేను ఏడో మెట్టు ఎక్కిన ఆదివారం అత్త మా ఇంట్లోనే ఉంది. నొప్పులకు దవాఖానలో చూపించడానికి బావ తీసుకొచ్చాడు. ముందుగదిలో మంచం మీద పక్కకు ఒరిగి కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని అనుములు ఒలుస్తూ మా ఆట వింటోంది. గొట్టాల్లో నీళ్లు అప్పటికే ఊరిదాకా వచ్చాయి. బావి గట్టున ఒక ఆడమనిషి కూర్చుని ఉందని బావ చెప్పాడు. చెప్పి ఆగిపోయాడు. ఆమె ఎలా ఉందో వర్ణించలేకపోయాడు.

"నా లెక్కనే ఉన్నదా?" అంది అత్త చాటలోంచి తల ఎత్తకుండానే. "ఉంటె చెప్పు, ఏమైతది."

బావ తల ఊపాడు. బిళ్ల తీయకుండానే నిలబెట్టేద్దామని సునీత మెల్లగా అంది. బాపు ఒప్పుకోలేదు. నియమం నియమమేనని, సంచి నా ముందుకు తోశాడు. ప్రార్థించి, చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీసి బావ అరచేతిలో పెట్టాను. బావ దాన్ని చూశాడు. సరిపోయింది. ఆ ఆడమనిషి బావి రాయి పట్టుకుని లేచిందని, మోకాళ్లు సాగాయని, నడుము సాగిందని, మెడ ఎత్తి ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు చూసిందని ఒక్కో మాటే చెప్పాడు.

అత్త గోడ పట్టుకుని మా వైపు తిరిగింది.

"ఎంతెత్తు లేసింది?"

"మామంత ఎత్తు" అన్నాడు బావ.

"తప్పు. మీ మామ కంటె నాలుగు వేళ్లు ఎక్కువ. చెయ్యందని సజ్జ మీది బెల్లం మీ మామకు నేనే తీసిస్తుంటి."

అందరం బాపు వైపు చూశాం. ఏ మాటకైనా ఆధారం అడిగే మనిషి. ఆయన అక్కను చూసి, బావకేసి చెయ్యి ఊపాడు.

"నాలుగు వేళ్లు ఎక్కువ. రాసుకోరా."